ఇంటి నెంబరు పదిహేడు

మొన్న మోకాలికి ఇంజక్షన్ వేయించుకోవడానికి ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళకు పైగా ఊళ్ళవాళ్ళ జబ్బలకు సూదులు పొడిచిన ఏఎన్ఎంని, నాకొక సూది అనేసరికి ముందురోజు నుంచే అన్నం సహించలేదు. ఇంట్లోవాళ్ళు నవ్వుకున్నారు, నవ్వుకోవలసిందే. ఆ ఆసుపత్రిలో నర్సులకు నీలం బట్టలు, ఆయాలకు మెరూన్ చీరలు. నీలంవాళ్ళు బీపీ చూస్తారు, మెరూన్‌వాళ్ళు చక్రాల కుర్చీ తోస్తారు. నన్ను తోసుకొచ్చిన ఆయా, లిఫ్ట్ కోసం ఆగినప్పుడు, నా మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి గోడ గడియారం వంక చూసింది. నాడి చూడడం నేర్చుకున్నవాళ్ళ పట్టు అది. "భయమైతాంది గదా సిస్టరమ్మా?" అంది. ఖమ్మంలో నన్ను అందరూ ఆంటీ అంటారు. సిస్టరమ్మా అని పిలిచిన ఊరు ఒక్కటే. తల తిప్పి చూశాను. పద్దెనిమిదేళ్ళప్పుడు చూసిన ముఖం, ముప్పై నిండినా పోల్చుకున్నాను. పోల్చుకోనట్టు ఉండిపోదామా అని ఒక్క క్షణం అనిపించిన మాట కూడా నిజమే.

చర్ల దాటాక, బస్సు వెనక్కి తిరిగే చోటు నుంచి ఇంకా ఆరు కిలోమీటర్లు అడవిలోకి నడిస్తే ఆ ఊరు. మధిర వైపు నుంచి వచ్చిన నాకు మొదట్లో కోయ మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, నా తెలుగు విని వాళ్ళు మొహం పక్కకు తిప్పుకుని నవ్వేవాళ్ళు. సబ్‌సెంటర్ అంటే ఒక రేకుల గది, ఒక బల్ల, టీకాల ఐస్ డబ్బా, ఏడు రిజిస్టర్లు. కాన్పులు చేయవలసింది నేను, చేసేది మాత్రం పెద్దవ్వ. పెద్దవ్వ అంటే ఆ ఊరి మంత్రసాని, అప్పటికే అరవై దగ్గరపడిన మనిషి. మొదటి కాన్పుకు నేను చేతులకు గ్లవ్స్ తొడుక్కునే లోపే మోచేత్తో నన్ను పక్కకు జరిపి, "నువ్వు పోయి నీళ్ళు కాగబెట్టు బిడ్డా" అంది. వెళ్ళి కాగబెట్టాను. బిడ్డ పుట్టాక రిజిస్టరులో ‘కాన్పు చేసినవారు’ అన్న గడిలో నా పేరు రాసుకున్నాను. అలాగే రాయాలని మాకు పైనుంచి చెప్పారు. పెద్దవ్వకు గడీ లేదు, అడగనూ లేదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. బిడ్డకు నీళ్ళు పోశాక, ఆ ఇంటి గడప దగ్గర చిటికెడు మన్ను తీసి బిడ్డ అరికాలికి రాసేది. అలా రాస్తే బిడ్డ ఆ ఇంటిదైపోయినట్టు. ధనుర్వాతం గురించి మూడు నెలలు చదువుకుని వచ్చిన నాకు అది చూస్తే ప్రాణం పోయేది. చాలా రోజులు పోట్లాడుకున్నాం. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం: బొడ్డు జోలికి మన్ను పోకూడదు, అరికాలు జోలికి నేను పోకూడదు. నా ఉద్యోగంలో నేను చేసుకున్న ఒప్పందాలన్నిటిలో ఇద్దరూ మాట తప్పనిది అదొక్కటే.

ఊరి పక్క వాగుకు అవతల, రాష్ట్రం సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు ఒక ఇరవై గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళదీ అదే మాట, అవే పండగలు, పెద్దవ్వకు వాళ్ళలో చుట్టాలు కూడా ఉన్నారు. కాని నా రిజిస్టర్లలో ఊళ్ళ పేర్లు ముందే అచ్చయి వచ్చేవి. ఆ గుంపు పేరు అందులో లేదు. పేరు లేని చోట పుట్టిన బిడ్డకు లైను లేదు, లైను లేని బిడ్డకు టీకా రాదు. నేను తల పట్టుకుని కూర్చుంటే దారి చెప్పింది పెద్దవ్వే. "నా ఇంట్ల రాస్కో. జాగకేం తక్కువ?" అంది. ఆమెది ఒంటి గది ఇల్లు, నెంబరు పదిహేడు. అలా నాలుగేళ్ళలో ఆ గదిలో కాగితం మీద తొమ్మిదిమంది పిల్లలు పుట్టారు. ఒకసారి మా సూపర్‌వైజరమ్మ కుటుంబ నియంత్రణ లెక్కలు చూస్తూ ఈ పదిహేడో నెంబరు దగ్గర ఆగిపోయింది, ఆ తల్లికి తానే నచ్చజెప్తానని ఎండలో పడి నడిచొచ్చింది. తలుపు తీసిన నెరిసిన తలను చూసి కూడా, వచ్చిన పని కదా, ఆపరేషన్ గురించి చెప్పడం మొదలుపెట్టింది. పెద్దవ్వ అంతా ఓపిగ్గా విని, "జేస్కోమంటే జేస్కుంట అమ్మా, మా ముసలోడు పోయి పదేండ్లాయె" అంది. సూపర్‌వైజరమ్మ నా వంక చూసి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోయింది. ఆ సంతకం తలుచుకుని మేమిద్దరం ఒక వర్షాకాలమంతా నవ్వుకున్నాం.

తొమ్మిదోది, మొన్న నా కుర్చీ తోసిన ఈ పిల్ల. కన్నతల్లి కాన్పులోనే పోయింది. తండ్రి సరిహద్దు దాటి అవతలికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. పెద్దవ్వ బిడ్డను కొంగులో చుట్టుకుని తన ఇంటికి తెచ్చుకుని, తన గడప మన్నే అరికాలికి రాసింది. మిగతా ఎనిమిదిమంది కాగితం మీద పదిహేడో నెంబరువాళ్ళు, ఈ పిల్ల మాత్రం నిజంగానే. సబ్‌సెంటర్ బల్ల కింద ఆడుకుంటూ పెరిగింది. నాడి పట్టడం నేనే నేర్పాను, దానికి అదొక ఆట.

తర్వాత నాకు భద్రాచలం దగ్గరికి బదిలీ అయింది. ఆ పిల్ల ఇంటర్ పాసై, పెద్దవ్వ కూతురిగా తీసుకున్న కుల సర్టిఫికెట్ మీద నర్సింగులో సీటు తెచ్చుకుంది. రెండు నెలలు చదివింది కూడా. ఎవరో అర్జీ పెట్టారు, ఈ పిల్ల వాగు అవతలివాళ్ళ పిల్ల అని. సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్ళకు ఇక్కడ ఆ సర్టిఫికెట్ ఇవ్వరు. పదిహేడో నెంబరు రాసిన మనిషినని నన్నూ విచారణకు పిలిచారు. అప్పటికి నా రిటైర్‌మెంట్‌కు ఐదు నెలలుంది. ఆఫీసరు బల్ల ముందు నాకు కుర్చీ వేశారు. పెద్దవ్వా ఆ పిల్లా నిలబడ్డారు.

"నా బిడ్డనే సారూ. నా గడప మన్ను పెట్టిన" అంది పెద్దవ్వ. ఆఫీసరు నా వైపు తిరిగి, "ఏమంటున్నదమ్మా?" అన్నాడు. చెప్పడానికి నాకు మాటలున్నాయి, పదకొండేళ్ళు ఆ మన్ను చూసినదాన్ని. "ఏం లేదు సార్, వాళ్ళ ఆచారం" అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు, నిదానంగానే అడిగాడు, కన్నది ఈమేనా అని. కాదన్నాను. మరి రిజిస్టరులో ఎందుకు రాశారమ్మా అన్నాడు. తెలిసి రాశానంటే మిగతా ఎనిమిది పేర్లూ బయటికొస్తాయి, నా ఉద్యోగమూ పోతుంది. "పొరపాటున రాసిన సార్" అన్నాను. నా మొత్తం ఉద్యోగంలో తెలిసి చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే, దానికి నేనే పొరపాటని పేరు పెట్టి సంతకం చేశాను. పిల్ల సీటు పోయింది. ఆ రోజు ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. బస్సెక్కి ఇంటికొచ్చి అన్నం తిన్నాను, కూర బాగానే ఉంది. తర్వాత కూడా రాలేదు. సిగ్గు మాత్రం అప్పుడప్పుడు వస్తుంది, వచ్చి కాసేపుండి పోతుంది.

లిఫ్ట్ ఇంకా పైనే ఉంది. పెద్దవ్వ ఎలా ఉందని అడిగాను.

"పోయిన ఎండకాలం పోయింది" అంది.

నన్నేమైనా అనేదా అని అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"ఏమన్లే. సిస్టరమ్మది నౌకరి గదనే, ఏం జేస్తది అనేటిది." నా చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా పైకి సర్దింది. "మన్ను నేనే పోసిన. కూతురే ముందుగాల పొయ్యాలె అని ఊరోళ్ళు ఫోన్ జేసి పిలిచిండ్రు. నాకు పొద్దూకేదాక బస్సు దొరకలే. అందరు గట్లనే నిలబడ్డరు, నేనొచ్చి పోసేదాక ఎవ్వరు పొయ్యలే."

లిఫ్ట్ వచ్చింది. పైన గది గుమ్మం దగ్గర నన్ను నీలంవాళ్ళకు అప్పజెప్పి ఇంకో కుర్చీ తోయడానికి వెళ్ళిపోయింది. చిన్న వయసు నర్సు బీపీ చూసి, కాసేపు అంతా మొద్దుబారుతుంది ఆంటీ, ఏమీ తెలియదు అంది. నాకు అలవాటేనన్నాను. సూది గురించి అనుకుందేమో, నవ్వింది. డాక్టరు వచ్చి ఎన్నేళ్ళ నుంచి ఇబ్బంది అని అడిగితే వెంటనే లెక్క చెప్పలేకపోయాను. పన్నెండేళ్ళు గడిచాయట, ఆ బల్ల ముందు నేనింకా కుర్చీలోనే కూర్చుని ఉన్నాను, పెద్దవ్వ ఇంకా నిలబడే ఉంది.