తొలి ఆటకి వారశూల

ఆ రోజుల్లో తెలియని విషయం మీద మాట్లాడటానికి ఇప్పుడున్నంత భయం ఉండేది కాదు. జేబులో ఫోను ఉన్నా అది ఫోనుగానే ఉండేది. ఎదుటివాడు చెప్పింది నిజమో కాదో కూర్చున్నచోటే తేల్చేసేది కాదు. పొద్దున పుట్టిన అబద్ధం కనీసం సాయంత్రం దాకా హాయిగా బతికేది. నా యవ్వనమంతా అలాంటి ఆయుష్మంతుల మధ్యే గడిచింది. (ఈ కథలో మాత్రం ముప్పాతిక వంతు నిజం. మిగతా పావు కూడా నేను నమ్మిందే.)

ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల బ్రేకులు పరీక్షించే ఆఫీసులో చేరి అప్పటికి పది నెలలు. మనుషులు మంచివాళ్ళే గానీ, పొద్దుటి "గుడ్ మార్నింగ్"కీ సాయంత్రపు "సీ యూ"కీ మధ్య నాతో చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండేది కాదు. నా దగ్గరా ఉండేది కాదు. వేసవి చివరికి వచ్చేసరికి ఆఫీసంతటికీ పూనకం పట్టుకుంది. చేత్తో విసురుకుంటూ ఆడే అమెరికా రకం కాలేజీ ఫుట్‌బాల్ తొలి ఆట శనివారం, మా రాష్ట్రం జట్టు సొంత మైదానంలో. ముందురోజు భోజనాల బల్ల దగ్గర ఏ జట్టు బలమెంత అని వాదులాడుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆ వాదనలో నిలబడ్డవాళ్ళని మా మేనేజరు తన ఇంటి గారేజీలో ఆట చూడటానికి పిలిచేవాడు. పెళ్ళిలోనూ కాలేజీ టోపీ తియ్యలేదని చెప్పుకునే ఆ మనిషికి నేను మనసులో పెద్ద టోపీ అని పేరు పెట్టుకున్నాను. ఈ దేశానికి వచ్చి ఇన్నాళ్ళైనా ఒక్క అమెరికన్ ఇంటి గడప తొక్కలేదు నేను. గారేజీకైనా సరే, ఆ పిలుపు నాకు కావాలి.

గురువారం సాయంత్రం నా రూమ్మేట్ వరంగల్ బావని శరణు వేడాను. (బావ కాదు, బంధువూ కాదు. అద్దె పంచుకున్న బంధుత్వం.)

"అరే, గింత దానికి పరేషానెందుకు? ముందల వరుసగ నిలవడే పహిల్వాన్లను లైన్ అంటరు. ఎవలేమన్న 'అంతా లైన్ మీదనే ఉన్నది' అను. ఇగ నిన్ను ఆపెటోడు ఉండడు."

"ఎదురు ప్రశ్న వేస్తే?"

"బాత్రూమ్‌కి పో."

శుక్రవారం బల్ల దగ్గర ఆ మంత్రం మూడుసార్లు పనిచేసింది. బంతి విసిరే కుర్రాడు మరీ పిల్లాడని ఒకరన్నారు. లైన్ మీద ఉందన్నాను. కొత్త కోచ్ గురించి ఇంకొకరన్నారు. లైన్ మీద ఉందన్నాను. పెద్ద టోపీ నావైపు తిరిగి, "ఇతను ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నాడు?" అన్నాడు. (ఇంగ్లీషులోనే అన్నాడు. నాకు జ్ఞాపకం మాత్రం తెలుగులో ఉంది.) నాలుగోసారికి, కాగితాల కట్ట లేకుండా భోజనానికి రాని లెక్కల దొర కళ్ళజోడు పైకి తోసి, "ఏ లైన్? బంతి మన దగ్గరున్నప్పటిదా, లేనప్పటిదా?" అని అడిగాడు. బాత్రూమ్ దారిలో పెద్ద టోపీ కుర్చీ అడ్డంగా ఉంది.

ఆ చెమటలో మా నాయనమ్మ ఒంట్లోకి వచ్చినట్టుంది. "ఆ వచ్చే జట్టు ఏ దిక్కు నుంచి వస్తోంది?" అన్నాను.

"పడమటి నుంచి."

"అంటే తూర్పుకి ప్రయాణం. శనివారం తూర్పు ప్రయాణం వారశూల. వెళ్ళిన పని కాదు. వాళ్ళు ఓడిపోతారు."

లెక్కల దొర కలం తీశాడు. "ఎన్ని ప్రయాణాలు పరిశీలించి చెప్పారిది?"

"మా వంశమంతా చేసినవి."

రాసుకున్నాడు. కానీ అలాంటివాళ్ళకి తృప్తి ఉండదు కదా, "అసలు వాళ్ళు శనివారమే బయల్దేరుతున్నారా?" అని మెలిక పెట్టాడు. పెద్ద టోపీ చెల్లెలి మొగుడు ఆ జట్టు ఊళ్ళోనే ఉంటాడట. అక్కడే ఫోను చేశాడు. జట్టు బస్సులు ఆ పొద్దునే వెళ్ళిపోయాయట.

"శుక్రవారానికి ఏముంది?" అన్నాడు ఫోను పెట్టేసి.

శుక్రవారం శూల పడమటికి. తూర్పుకి దివ్యంగా వెళ్ళొచ్చు. మా బలమంతా వాళ్ళ దోషం మీద ఆనించి పెట్టినవాణ్ణి, ఇప్పుడేం చెప్పను? దానికీ దోషముందని ఒక్క ముక్క అంటే గారేజీ నాది. అంతకు ముందూ ఆ తర్వాతా ఎన్ని కోతలు కోశానో లెక్కలేదు గానీ, పంచాంగం మీద అబద్ధమాడటానికి మాత్రం నోరు పెగల్లేదు. "శుక్రవారం వాళ్ళకి మంచిదేనండి," అన్నాను నా డబ్బా మూత పెట్టేస్తూ.

పెద్ద టోపీ ఫోను జేబులో పెట్టుకున్నాడు. పిలుపు పోయిందనుకున్నాను.

"దీనికి విరుగుడేమైనా ఉందా?" అన్నాడు.

"పెద్ద పని ముందు మా ఇంట్లో కాస్త పెరుగన్నం తినిపిస్తారు."

"పన్నెండుకి ఆట. పదకొండున్నరకల్లా పట్టుకుని మా ఇంటికి రా."

మర్నాడు ఆ గారేజీలో, ఆరడుగులకి తగ్గని ఎనిమిది మంది టోపీలు తీసి వరసగా నిలబడి, ప్లాస్టిక్ చెంచాలతో తలా ఒక ముద్ద పెరుగన్నం తిన్నారు. లెక్కల దొర పచ్చిమిర్చిని బీన్స్ అనుకుని నమిలాడు. మొదటి పావు ఆట ఆయన మంచినీళ్ళ పంపు దగ్గరే గడిచింది.

మా జట్టు ఓడిపోయింది. మామూలుగా కాదు, చిత్తుగా. నేను గోడవారగా జరిగి నా గిన్నె వెతుక్కుంటున్నాను. పెద్ద టోపీ వచ్చి భుజం మీద చెయ్యి వేసి, చాలా బాధగా, "తక్కువ తిన్నాం," అన్నాడు. "వచ్చే శనివారం పెద్ద గిన్నె తీసుకురా."

ఆ గారేజీకి పదకొండేళ్ళు వెళ్ళాను. ఇప్పుడు నాకు ఆట క్షుణ్ణంగా తెలుసు. ఎవరి మోకాలు నొప్పో, ఎవరి కోచ్ ఎందుకు మారాడో కూడా తెలుసు. అందుకే తొలి ఆట ముందు ఎవరైనా ఈసారి గెలుపెవరిదని అడిగితే, చెప్పడం కష్టమండి అని తప్పుకుంటున్నాను. ఏమీ తెలియనప్పుడు ఎంత ధీమాగా చెప్పానో తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.