కొలిచాకే కత్తెర

దర్జీకి నమ్మకమంతా టేపు మీదే. ఇరవై ఏళ్ళుగా వస్తున్న మనిషైనా సరే, పాత కొలతలే వేసెయ్యమంటే గుడ్డ ముట్టుకోడు. నిన్న ఉన్నట్టు ఇవాళ ఉంటావని ఎవరు చెప్పారని దబాయిస్తాడు.

అంతటివాడికి కిడ్నీలు సగానికి పైగా దెబ్బతిన్నాయని ఒకరోజు తెలిసింది. వారం దిగులు పడి, ఎనిమిదో రోజున కొలతల పుస్తకంలో చివరి పేజీలు తనకే కేటాయించుకున్నాడు. ఏం తిన్నాడు, ఎన్ని నీళ్ళు తాగాడు, బీపీ ఎంత, అన్నీ రాతే. పొటాషియం తగ్గాలని బంగాళాదుంపలు ఉడికించి ఆ నీళ్ళు పారబోయించేవాడు. అరటిపండు వంక కన్నెత్తి చూసేవాడు కాదు. నోరు కట్టేసుకున్నాడు పాపం.

అయినా ఈసారి రక్తపరీక్షలో పొటాషియం ఎక్కడికో ఎగబాకింది. డాక్టరు కాగితం మీంచి తలెత్తకుండానే, పళ్ళు దొంగచాటుగా తింటున్నట్టున్నారు అన్నాడు. ఇది గుండెకే ప్రమాదం, ఇవాళే ఆస్పత్రిలో చేరాలి, తగ్గకపోతే డయాలిసిస్సే అన్నాడు. దర్జీకి భయం వేసింది. దానికి మించి ఒళ్ళు మండింది.

"చేరమంటే ఇప్పుడే చేరతానండి. కానీ తప్పు నాదని రాసేముందు ఈ పుస్తకం చూడండి. నేను కొలవకుండా కత్తెర పెట్టను. మీరూ పెట్టొద్దు."

డాక్టరుకు చిర్రెత్తినా, నర్సును పిలిచి చేర్చుకునే ఏర్పాట్లు చేయమని చెప్పి, పుస్తకం అందుకున్నాడు. నెల రోజుల తిండిలో ఒక్క పండూ లేదు. రోజూ ఉప్పు అరచెంచా అని మాత్రం ఉంది. ఏ ఉప్పమ్మా అని, వెంట వచ్చిన దర్జీ భార్యను డాక్టరు అడిగాడు. ఆవిడ కాస్త గర్వంగానే చెప్పింది: చప్పిడి కూడు ముందు ఆయన మొహం చూడలేక, నెలనుంచీ సోడియం తక్కువుండే ఉప్పు తెచ్చి వేస్తోందట.

డాక్టరు కలం కింద పెట్టేశాడు. అలాంటి ఉప్పులో సోడియం తగ్గించి, ఆ చోట పొటాషియం కలుపుతారు. ఈ కిడ్నీలకు అది విషమే. దర్జీ కొలత రాశాడు గానీ, గుడ్డ ఏదో రాయలేదన్నమాట! మిమ్మల్ని అనవసరంగా అన్నానని డాక్టరు ఒప్పుకున్నాడు.

మూడో రోజుకు పొటాషియం దిగింది, డయాలిసిస్ తప్పింది. భార్య మాత్రం మంచం పక్కన తల వంచుకునే కూర్చుంది.

"నా చేత్తో నేనే పెట్టాను. ఇక వంటింట్లో అడుగు పెట్టనండి. నాకు భయం."

"అయితే నేను పస్తే," అన్నాడు దర్జీ. "నాకింకా బతకాలనుందే. నీ చేతి తిండి తినే బతకాలనుంది."

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, కొంగు సర్దుకుని, ఎన్నడూ ఎవరినీ నోరు విప్పి అడగని మనిషి, వెళ్ళి డాక్టరు గది తలుపు తట్టింది. ఏది వండాలో, ఏది వండకూడదో తనకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పేదాకా అక్కడినుంచి కదలనంది.