గట్టు మీద నడిచిన పాస్టర్

నేనప్పుడు సిరిసిల్లలో విలేకరిని. మరమగ్గంలో చెయ్యి నలిగిన కార్మికురాలిని యజమాని పనిలోంచి తీసేశాడు. ఆ వార్తను మా పత్రిక రెండుసార్లు పక్కన పెట్టింది. ఇక వదిలేద్దామనుకుంటూ ఎల్లంతకుంట బస్సులో కూర్చున్నాను. దారిలో రోడ్డు మీదికి నీళ్లొచ్చి బస్సు ఆగిపోయింది. ముందూళ్లో ఒకరింట్లో ప్రార్థన చేయడానికి వెళ్తున్నానని చెప్పిన, నా పక్కనున్న ముసలి పాస్టర్ లేచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచారు.

"గింత తిప్పలెందుకు పాస్టర్‌గారూ? ప్రార్థన రేపు పెట్టుకోవచ్చు గదా?" అన్నాను.

"మంచం దిగలేని ముసలామె ఒక్కతే ఉంటది బిడ్డా. పొద్దుగాల్నుంచి వాకిలి దిక్కే చూస్తది. నేనే పోవాలె."

చెప్పులు చేతపట్టుకుని, పొలం గట్టు మీదుగా చుట్టూ తిరిగి నడుచుకుంటూ వెళ్లిపోయారు.

మర్నాడే ఆ వార్త మళ్లీ రాసి పంపాను. మూడోసారీ వేయలేదు. నాలుగోసారి వేశారు.