పుట్టగానే ఏడ్చిందా?

ఏడేళ్ల నా కూతురు డాక్టరు గదిలో ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేదు. ఆ నిలకడలేనితనానికి మూలం వెతుకుతూ డాక్టరమ్మ నా కడుపు దగ్గర మొదలుపెట్టింది. నెలలు నిండాయా? బీపీ ఉండేదా? ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగేవారా? ప్రశ్నలన్నీ నాకే. నేను కడుపుతో ఉన్నప్పుడు నా పక్కనే సిగరెట్లు కాల్చిన మా ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

"పుట్టగానే ఏడ్చిందా?"

ఆపరేషన్ మత్తులో ఉన్న నాకేం తెలుసు? తొలి కాన్పని నన్ను స్టేషన్ ఘన్‌పూర్‌లోని పుట్టింటికి పంపారు. ఆ రోజు థియేటర్ బయట ఉన్నది అమ్మ ఒక్కతే. "దవాఖాన దద్దరిల్లంగ ఏడ్చింది బిడ్డా" అని ఎన్నిసార్లు చెప్పి నవ్విందో! నేనూ అదే చెప్పాను.

అమ్మ పోయాక ఆమె బీరువాలో దొరికిన కాన్పు కాగితాలను డాక్టరమ్మ తిరగేసింది. ఆ డాక్టర్ల రాత నాకెప్పుడూ అర్థం కాలేదు.

"ఆలస్యంగా ఏడ్చింది, ఆక్సిజన్ పెట్టారు అని ఉందమ్మా. ఇదే కారణమని మాత్రం అనలేం."

నాకు అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. పోట్లాడదామంటే మనిషి లేదు. ఆ ఏడుపు కోసం ఆమె ఒక్కతే ఎంతసేపు నిలబడిందో అడగడానికీ లేదు.

ఇంటికి రాగానే అత్తమ్మ గుమ్మంలోనే అడిగింది. "ఏమన్నది డాక్టరు? కాన్పప్పుడు ఏమన్న అయ్యిందట్నా?"

"ఏం కాలేదత్తమ్మా. దవాఖాన దద్దరిల్లంగ ఏడ్చింది" అన్నాను. నవ్వాను కూడా.