టీవీ మీది పిస్టన్

బండికి పవర్ పెంచుదామని స్పెషల్ పిస్టన్, రింగులు తెప్పించాను. డబ్బా తెరవగానే చిన్నప్పటి అదే ఆయిల్ వాసన. మన చిక్కడపల్లి ఇళ్లలో పాత పిస్టన్‌ను తిరగేసి యాష్‌ట్రే చేసేవాళ్లు, గుర్తుందా? మాది టీవీ మీద ఉండేది.

ఒకసారి బాబాయి నాన్న బండికి పెద్ద పిస్టన్ వేశాడు. వేడికి రింగులు సాగుతాయి కాబట్టి, రింగు తెగి ఉండే చోట ముందే కొసలు అరగదీయాలి. బాబాయి అరగదీయలేదు. నారాయణగూడ చౌరస్తాలో ఇంజిన్ పట్టేసి, చక్రం బిగుసుకుపోయి నాన్న ఎగిరిపడ్డాడు. భుజానికి కట్టుతో ఇంటికొచ్చి, బాగున్న చేత్తో ఆ యాష్‌ట్రే ఎత్తి కొట్టాడు. బాబాయి నుదురు పగిలి గోడంతా రక్తం.

"రింగులు ఎందుకు అరగదీయలేదురా?"

"కొత్తయే గదన్నా, అక్కెర లేదనుకున్న."

ఇందాక మా తమ్ముడు నా రింగులు చూసి, "కొత్తయే గదన్నా, గట్లనే ఎక్కిద్దాం" అన్నాడు.

వాడు బెదిరి వెనక్కి జరిగాక గానీ, నా చెయ్యి పైకి లేచిందనీ, అందులో పిస్టన్ ఉందనీ నాకు తెలియలేదు.