రోడ్డు వైపు బోర్డు

ఉదయం పదకొండుంబావుకి పెయింటర్ మా వాకిలి మీద బోర్డు బిగించి నిచ్చెన దిగాడు. ఎనభైల్లో పిడుగురాళ్లలో, మొగుళ్ల దెబ్బలకు పారిపోయి వచ్చిన ఆడవాళ్ల కోసం మేము నలుగురం ఒక అద్దె ఇల్లు నడిపేవాళ్లం. బోర్డు పెట్టిన ఏడే మొదటిసారి ప్రభుత్వ గ్రాంటు వచ్చింది. సంస్థ పేరు, చేసే పని రోడ్డుకు కనిపించేలా రాయించాలన్నది షరతు. అంతకుముందు ఎవరైనా ఆరా తీస్తే, ఎదురు షాపు మెకానిక్ ఖాసిం "ఇక్కడ జాకెట్లు కుడతారు, పో" అని పంపేసేవాడు.

సున్నపుబట్టీలో పనిచేసే సైదమ్మ అప్పటికి కొన్నాళ్లుగా మా దగ్గరే ఉంటోంది. బోర్డు చూసి నవ్వింది.

"చానా బాగుందక్కా. లారీలో పోయేవాళ్లకి కూడా కనపడిద్ది."

ఆమె భర్త లారీ డ్రైవరు. మర్నాడు మధ్యాహ్నం అతని లారీ మా ముందే ఆగింది. జాకీ రాడ్డుతో దిగి, గడప మీద కూర్చున్న సైదమ్మ మీదికి వచ్చాడు.

"ఏమే, ఊరంతా నన్ను తిప్పి, ఇక్కడ సర్కారు తిండి తింటన్నావా?"

నేను అడ్డం వెళ్లాను. మొదటి దెబ్బకు నా మోచెయ్యి విరిగింది. తరువాతిది సైదమ్మ తల మీద పడింది. ఆమె కూలిపోయాక కూడా కొడుతూనే ఉన్నాడు. ఖాసిం పరిగెత్తుకొచ్చి వెనక నుంచి పట్టుకున్నాడు.

"వదలరా, అది నా పెళ్లాం!"

"ఇంకేడుందిరా నీ పెళ్లాం?" అన్నాడు ఖాసిం.

గుంటూరు ఆసుపత్రికి చేరకముందే, జీపులో, సైదమ్మ నా ఒళ్లో పోయింది.

బోర్డును ఖాసిం ఆ సాయంత్రమే విప్పేశాడు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు అదేదని అడిగితే గడప మీది మరక చూపించాం. ఆయన మళ్లీ అడగలేదు. గ్రాంటు ఆగలేదు, దాంతో తరువాత చాలామంది తలదాచుకున్నారు. మేము నడిపే ఏ ఇంటికీ ఇప్పుడు బోర్డు పెట్టం.