సగంలో ఆగిన తిట్టు

మా ఆయన తిట్టడం మొదలుపెడితే ముగించకుండా ఊరుకునే మనిషి కాదు. అట్లాంటోడు ఆ పొద్దు మా బొరుగుల బట్టీ కాడ, "నీకు ఎన్నిసార్లు చెప్పాల, ఇసుక కాగకముందే బియ్యం పోస్తే..." అని ఆపేసినాడు. ఎగపోస్తా గోడ పట్టుకున్నాడు. సగం తిట్టు నోట్లోనే ఉండిపోయింది. ఏదో తేడా ఉండాదని నాకప్పుడే అనిపించింది.

మాది నందికొట్కూరు. పొట్టు పొగ ముందర ముప్పై ఏండ్లు నిలబడినాడు ఆయన, దాని మీద బీడీలు. కొన్నాళ్ళు ఇన్‌హేలర్‌తో నెట్టుకొచ్చినాం. రెండేండ్లకు బాత్రూముకు పోయొచ్చినా మంచం మీద కూలబడేటట్టయింది. తింటా మాట్లాడలేడు, మాట్లాడితే తినలేడు. ఇంట్లో ఏ కొట్లాటొచ్చినా నేనే గెలుస్తాంటి. అట్లా గెలిస్తే ఏం సంబరం? ఆయన నోరు మూగబోయినాక ఇల్లంతా బోసిపోయింది. శానా ఏడ్చినా.

కర్నూలు డాక్టరు సీటీ స్కాన్ తీపించి, "సివియర్ ఎంఫసీమా" అని, ఊపిరితిత్తుల్లో గాలి ఇరుక్కుపోయే రోగం బాగా ముదిరిందని హైదరాబాదుకు రాసిచ్చినాడు. కడపలో టీచరు పని చేసే మా కూతురు సుజాత సెలవు పెట్టి వచ్చింది. హైదరాబాదులో ఊదే పరీక్ష, నడక పరీక్ష, మళ్ళా స్కాన్. అన్నీ చూసి పెద్ద డాక్టరు, "కోత లేదమ్మా. బ్రాంకోస్కోపు గొట్టం గొంతులోంచి పంపి, బాగా పాడైన భాగానికి వాల్వులు పెడతాం. లోపల ఇరుక్కున్న గాలి బయటికి పోతుంది, మళ్ళీ లోపలికి రాదు. బాగున్న భాగానికి చోటు దొరుకుతుంది" అన్నాడు. నాకా మాట బాగా నచ్చింది.

తర్వాత "ఇక రాగల ఇబ్బందులు" అని మొదలుపెట్టినాడు. నేను లేచినా. తథాస్తు దేవతలుంటారని మా తట్టు మంచి పనికి పోతా చెడ్డ మాట పలకనీయరు. "మంచి మాట చెప్పి పంపండి సార్" అని బయటికొచ్చి, కొంగుతో చెవులు మూసుకొని కూచున్నా. సుజాత ఒక్కతే విని, చీటీ మీద రాసుకొనింది.

వాల్వులు పెట్టిన రెండో రోజుకే ఆయన, "ఏమ్మే, ఈ చట్నీకి తిరగవాత లేదే" అని వంక పెట్టినాడు. నా సంతోషం ఏం చెప్పను. ఇంకేం పని ఈడ, పోదాం పా అని సంచి సర్దినా.

"నాలుగు రోజులు కదలొద్దన్నారుమా," అంది సుజాత.

"ఆ చీటీ పట్టుకొని నువ్వు కూచో" అని కసిరినా. అయినా అది సంచి లాక్కొని వదల్లేదు, ఆగిపోయినాం.

మూడో రోజు టిఫిను కాడ ఆయన కుడి రొమ్ము పట్టుకున్నాడు. ముఖమంతా చెమట. నేను గ్యాస్ అనుకొని వాము నలిపి నోట్లో వేయబోయినా. సుజాత నా చేయి తోసేసి బెల్లు కొట్టింది. "సిస్టర్, సార్ చెప్పిన నొప్పే ఇది" అనింది. ఎక్స్‌రే మిషను మంచం కాడికే వచ్చింది. న్యూమోథొరాక్స్ అన్నారు, ఊపిరితిత్తికి చిల్లి పడి గాలి రొమ్ములోకి కారడం. అప్పటికప్పుడు పక్కటెముకల మధ్య ట్యూబు వేసినారు. నా మాట విని బస్సెక్కింటే, ఈ నొప్పి జడ్చర్ల దాటినాక వచ్చింటే, మనిషి దక్కుతాండెనా?

సాయంత్రం డాక్టరొచ్చినాడు. "స్కాన్ చూసినప్పుడే అనుకున్నానమ్మా. వాల్వు బాగా పనిచేసి ఒక భాగం గబుక్కున ముడుచుకుంటే, పక్క భాగం ఒక్కసారిగా సాగి చిల్లి పడొచ్చు. అందుకే వాల్వు బాగా పనిచేసేవాళ్ళకే ఈ భయం ఎక్కువ. వస్తే ఎక్కువగా మొదటి రోజుల్లోనే వస్తుంది. అందుకే ఉండమన్నా."

నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నా. "ఇంకా ఏమేం రావచ్చో చెప్పండి సార్. ఈసారి లేవను."

న్యుమోనియా, ఆయాసం ముదరడం, దగ్గులో రక్తం, వాల్వు జరిగిపోవడం. ఒక్కోదానికీ గుర్తేందో అడిగి సుజాతతో రాయించినా. మా ఆయన నన్ను చూసి నవ్వబోయి, ట్యూబు నొప్పికి ఆపుకున్నాడు. వారానికి చిల్లి పూడింది.

ఏడాది దాటింది. రోగం పోలేదు, ఇన్‌హేలర్లు తప్పవు, మెట్లు మెల్లగానే. బీడీ మానినాడు, బట్టీ అమ్మేసినాం. కానీ పొద్దున్నే బస్టాండు దాకా నడిచిపోయి, టీ తాగి, ఊరి మాటలన్నీ మోసుకొస్తాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లాంటిది చేయించాల్సొస్తే, డాక్టరు చెడ్డ మాట ఎత్తినప్పుడు లేచి పోవద్దండి. ఏం రావచ్చు, ఎన్నో రోజు, గుర్తేంది అని అడిగి రాసుకోండి. ఆ చీటీ రోగి పక్కనుండే మనిషి దగ్గర ఉండాల.

మొన్న ఉగ్గాని టిఫినుకు బొరుగులు ఎక్కువసేపు నానిపోయినాయి. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, "ముప్పై ఏండ్లు బట్టీ నడిపిన దానివి, బొరుగులు నానబెట్టను రాదా నీకు, ఇది ఉగ్గానినా, గోడకు పూసే బురదా" అని ఒక్క ఊపిరిలో చివరిదాకా తిట్టినాడు. స్టవ్ ఆపేసి, చేతులు కట్టుకొని మొత్తం విన్నా.

"ఇంకోసారి తిట్టప్పా" అన్నా.